ఏ సీమకు ఆ పంట ఎలా వచ్చింది?

మన సంఘ సభ్యుల్లో ఉద్యోగరీత్యా నాలుగు జిల్లాలు తిరగని వారు అరుదు. బదిలీ మీద వచ్చేటప్పుడు పెట్టెబేడాతో పాటు ఆ ఊరి సరుకు ఏదో ఒకటి మూట కట్టుకురావటం మన ఇళ్ళలో ఆనవాయితీగా ఉండేది. దుగ్గిరాల నుంచి పసుపు కొమ్ములు, గుంటూరు నుంచి మిరపకాయలు, అనకాపల్లి నుంచి బెల్లం, అంబాజీపేట నుంచి కొబ్బరికాయలు, నూజివీడు నుంచి మామిడిపళ్ళు, అనంతపురం నుంచి వేరుశనగకాయలు. ఎందుకు అక్కడే అంత బాగా పండుతుందని పిల్లలు అడిగితే "అది ఆ నేల గుణం" అని పెద్దలు ఒక్క మాటలో తేల్చేసేవారు.

నేల గుణం లేదనటం లేదు. నల్లరేగడిలో కొబ్బరి తోట, ఇసుక దిబ్బ మీద పత్తి ఎవరూ వేయరు. ఐతే ఒక్కొక్క సీమ చరిత్ర తిరగేస్తే నేల చేసిన నిర్ణయం కంటే కాలువ, రైలు, కంపెనీ, మిల్లు, రేషన్ దుకాణం చేసిన నిర్ణయాలే ఎక్కువగా కనిపిస్తాయి. ఆ నిర్ణయాలలో రెండు మూడెకరాల రైతు ప్రమేయం చాలా తక్కువ. వాటి ఫలితం మాత్రం, లాభమైనా నష్టమైనా, అతని గుమ్మంలోకే వచ్చింది. ఈ వ్యాసంలో చెప్పదలచినది అంతే.

ముందు చిన్న కమతం అంటే ఏమిటో గుర్తు చేసుకుందాం. ఇంటిల్లిపాదీ పనిచేసి, కోతలకూ కలుపులకూ మాత్రం కూలీలను పిలిచి, ఒక జత ఎడ్లతో సాగు చేసే పొలం. రైలు రాని రోజుల్లో మెట్ట ప్రాంతంలో ఇలాంటి రైతు పొలం ఒక చిన్న కిరాణా కొట్టులా ఉండేది. తిండికి జొన్నో కొర్రో రాగో, పప్పుకు కంది సాళ్ళు, నూనెకు నువ్వులు, దీపానికి ఆముదం, బట్టకు కాస్త పత్తి, గొడ్లకు చొప్ప. ఉప్పు మాత్రం బయటి నుంచి రావాలి. అది లంబాడీల ఎడ్ల మీద వచ్చేది. ఆ బతుకు సుఖమైనదని ఎవరూ అనుకోనక్కరలేదు. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చినప్పుడు గుంటూరు సీమలోని ఐదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. అన్నీ పండించుకునే పొలం కూడా వాన లేకపోతే ఏదీ పండించలేదు. పక్క సీమలో ధాన్యం ఉన్నా తెచ్చే దారి ఉండేది కాదు.

ఆ దారి ముందు నీటి మీద వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855 నాటికి తయారైంది. కాటన్ దొరను గురించి మన వారికి కొత్తగా చెప్పవలసింది లేదు. ఆయన కాలువలను సేద్యానికి ఎంతగా ఉద్దేశించాడో పడవలకూ అంతగానే ఉద్దేశించాడు. కాకినాడ నుంచి బెజవాడ మీదుగా మద్రాసు దాకా పడవ మీద సరుకు పోయే రోజులు వచ్చాయి. కాలువ వచ్చిన కొన్ని దశాబ్దాల్లో జొన్న, నువ్వు, ఉలవ పండిన చేలు వరి మడులుగా మారిపోయాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. డెల్టాలో వరి వేయటం రైతు ఇష్టాయిష్టాలతో జరిగినది కాదు. పై పొలం వాడు మడి కట్టి నీరు పెడితే ఆ ఊట కింది పొలంలోకి దిగుతుంది. ఊట దిగిన చేలో జొన్న నిలవదు, కంది కుళ్ళిపోతుంది. పైగా ఆయకట్టు కింద భూమికి తరి శిస్తు పడింది. నీరు వాడినా వాడకపోయినా ఆ శిస్తు కట్టాలంటే తరి పంటే వేయాలి. కాబట్టి ఊళ్ళో నలుగురు పెద్ద రైతులు వరికి మళ్ళితే మిగిలిన వారంతా వరికి మళ్ళినట్టే. ఇరుగుపొరుగు పంటే మన పంట అన్నమాట. ఈ సూత్రం తరువాత కూడా పనిచేసింది. 1990ల నుంచి డెల్టాలో చేపల చెరువులు, రొయ్యల చెరువులు తవ్వినప్పుడు పక్క మడిలోకి ఉప్పు ఊట దిగి వరి ఎర్రబడింది. ఆ మడి వాడు కూడా, కావాలనుకున్నా వద్దనుకున్నా, చెరువు తవ్వుకోవటమో చెరువు వాళ్ళకు లీజుకు ఇవ్వటమో చేశాడు. నూట యాభై ఏళ్ళ క్రితం మెట్ట చేనును మడిగా మార్చిన ఊటే ఇప్పుడు మడిని చెరువుగా మార్చింది.

డెల్టా రైతు తన తెలివి చూపిన చోటు కాలువ నీరు శాసించని చోటే. వరి కోతకు కొద్ది రోజుల ముందు నిలబడిన పైరులోనే మినుము, పెసర చల్లి, కోత అయ్యాక నేలలో మిగిలిన తేమతో మంచుకు పండించటం కృష్ణా డెల్టా వారి నేర్పు. దుక్కి లేదు, నీరు లేదు, అపరాలు ఇంటికి వస్తాయి. గోదావరి లంకల్లో వరద దిగిపోయాక మిగిలిన ఒండ్రు మీద చుట్టల పొగాకు వేశారు. కోనసీమలో కాలువ గట్లూ ఇంటి దొడ్లూ కొబ్బరితో నింపారు. కడియం చుట్టుపక్కల ఊళ్ళు పూలమొక్కలూ అంట్లూ పెంచి దేశమంతా అమ్మటం నేర్చుకున్నాయి. అర ఎకరంతో కూడా సంసారం నడిపించవచ్చని నిరూపించిన వారు కడియం వారు.

వరి విషయానికి వస్తే 1925లో మారుటేరులో పరిశోధనా కేంద్రం పెట్టారు. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు ఐ.ఆర్.8 పండించి చూపటంతో పొట్టి రకాలు ఊరూరా పాకాయి. 1982లో మారుటేరు స్వర్ణ, 1986లో బాపట్ల సాంబమసూరి వచ్చాయి. ఇవాళ ఏ రాష్ట్రంలో భోజనానికి కూర్చున్నా ఆ రెండు పేర్లు వినబడుతూనే ఉంటాయి. ఇంత చేసినా 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వేలాది ఎకరాలు బీడుపెట్టి 'పంట విరామం' ప్రకటించారు. పండిన కొద్దీ ఖర్చు పెరిగింది, మద్దతు ధర ఆ ఖర్చును అందుకోలేదు. వేరే పంట వేయవచ్చుగదా అని పట్నంలో కొందరు సలహా ఇచ్చారు. ఊట దిగే మడిలో ఏం వేయాలో మాత్రం వారు చెప్పలేదు.

ఇక కృష్ణకు దక్షిణంగా, కాలువ ఎక్కని గుంటూరు నల్లరేగడి కథ వేరు. ఇక్కడ నీటికి బదులు కంపెనీ వచ్చింది. ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ, మనవారి నోట ఐ.ఎల్.టి.డి., 1912లో గుంటూరులో అడుగుపెట్టింది. అప్పటికే ఈ నేలలో నాటు పొగాకు ఉంది. సిగరెట్టుకు పనికివచ్చే వర్జీనియా పొగాకును 1920లో ఇక్కడ పెంచి చూశారు. 1928 నుంచి బ్యారన్లలో ఆకు కాల్చటం మొదలైంది. రైలు మద్రాసుకూ కలకత్తాకూ అప్పటికే కలిసి ఉంది, ఓడ రేవులు దగ్గర. నేల ఒకటే చాలితే వర్జీనియా పొగాకు ఇంకా పది చోట్ల వచ్చి ఉండేది. కొనేవాడు ఊరి పక్కనే కూర్చోవటం ఈ సీమకు కలిసివచ్చింది.

పొగాకు చిన్న సంసారాలకు చేతినిండా పని పెట్టే పంట. నారు పోయటం, నాటటం, తలలు తుంచటం, పిలకలు తీయటం, అడుగు నుంచి రెండు మూడేసి ఆకులు కోయటం, కోసిన ఆకును కర్రలకు అల్లటం, బ్యారన్ నింపి ఐదారు రోజులు రాత్రింబగళ్ళు మంట చూసుకోవటం. థర్మామీటరు దగ్గర ఒక మనిషి మెలకువగా కూర్చోవాలి. కాస్త ఏమరితే ఆకు నల్లబడుతుంది, ధర సగానికి పడిపోతుంది. తరువాత గ్రేడింగు. ఈ పనిలో ఆడవాళ్ళ చేయి లేనిది ఏదీ లేదు. బ్యారన్ కట్టుకోగలిగినవాడు నిలదొక్కుకున్నాడు, కట్టుకోలేనివాడు పచ్చి ఆకును బ్యారన్ ఉన్నవాడికి అమ్ముకుని అతను చెప్పిన ధర పుచ్చుకున్నాడు. ఒకే ఊళ్ళో, ఒకే పంటలో, ఒకే సైజు కమతాల మధ్య ఈ తేడా వచ్చింది. దానికి నేలతో సంబంధం లేదు.

కొనేవాడు దగ్గర ఉండటం వరమే కానీ, కొనేవాళ్ళు నలుగురే ఉండటం శాపం. సరుకు తీసుకుపోయి డబ్బు నెలల తరబడి ఇవ్వని వ్యాపారుల గురించి ఆ ప్రాంతంలో పనిచేసిన వారందరికీ తెలుసు. ఆ బాధలు పడలేకే పొగాకు బోర్డు కావాలన్న కోరిక బలపడింది. 1975లో చట్టం వచ్చింది, 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా బోర్డు ఏర్పడింది. 1984లో కర్ణాటకలోనూ, మరుసటి ఏడాది మన రాష్ట్రంలోనూ వేలం మొదలైంది. ఎవరు పండించాలి, ఎంత పండించాలి అన్నది బోర్డు రిజిస్టరు తేలుస్తుంది. నిల్వలు పేరుకుపోయి ధర చచ్చిపోయినప్పుడు 2000-01లో ఈ రైతులూ పంట విరామం పాటించవలసి వచ్చింది. డెల్టా వరి రైతు పదేళ్ళ తరువాత చేసిన పని వీరు ముందే చేశారన్నమాట.

'నేల గుణం' వాదనకు గట్టి జవాబు ఈ గుంటూరు సీమలోనే ఉంది. 1967లో నాగార్జునసాగర్ నీరు వదిలారు. తరతరాలుగా మెట్టగా ఉన్న నల్లరేగళ్ళకు తడి అందింది. అంతే, పొగాకు క్రమంగా అక్కడి నుంచి జరిగి ప్రకాశం జిల్లా మెట్టకూ, పశ్చిమగోదావరి జిల్లా జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వైపు తేలిక నేలలకూ పోయింది. పొగాకు పండిన రేగడిలోకి పత్తి, మిరప వచ్చి కూర్చున్నాయి. నేల మారలేదు. నీరూ ధరా మారాయి, వాటితో పంటా మారింది. ఇవాళ గుంటూరు అంటే మిర్చి అనే పిల్లలకు తాతల కాలంలో గుంటూరు అంటే పొగాకు అని చెబితే ఆశ్చర్యపోతారు.

పత్తి మొదట్లో తెల్ల బంగారమే అయింది. సంకర రకాలు, ఎరువులు, పురుగుమందులు, అన్నీ అప్పు మీద. ఊరంతా పత్తే, మండలమంతా పత్తే అయ్యాక పురుగుకు పండగ. కొట్టిన మందే మళ్ళీ మళ్ళీ కొట్టటంతో శనగపచ్చ పురుగు దానికి అలవాటు పడింది, తెల్లదోమ విజృంభించింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి పూర్తిగా దెబ్బతిని రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. చల్లుకోవటానికి తెచ్చిన మందే తాగారు. పదేళ్ళు తిరిగేసరికి 1997-98లో వరంగల్లు ప్రాంతంలో అదే జరిగింది. అక్కడ చెరువుల కింద వరి, మెట్టన జొన్న, కంది, ఆముదం వేసుకునే చిన్న రైతులు బావులు తవ్వి, ఆపైన బోర్లు వేసి పత్తికి మళ్ళారు. విత్తనం, మందు, అప్పు మూడూ ఒకే దుకాణంలో దొరికేవి. పంట కూడా ఆ దుకాణానికే పోయేది. సలహా చెప్పేదీ ఆ దుకాణదారే.

పంటలు మనుషులతో పాటు ప్రయాణం చేసిన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. తడి సేద్యం తెలిసిన కోస్తా రైతులు ఉన్న కాస్త పొలం అమ్ముకుని అక్కడికి వలస వెళ్ళి, అదే డబ్బుతో ఎక్కువ భూమి కొన్నారు. 1953లో తుంగభద్ర ఆనకట్ట వచ్చాక గంగావతి, సింధనూరు ప్రాంతాలకూ అలాగే వెళ్ళారు. వారు దిగిన చోట్లను ఈనాటికీ 'క్యాంపు' అనే పేరుతోనే పిలుస్తారు. కన్నడ దేశం నడిబొడ్డున వరి మడుల మధ్య మన తెలుగు వినబడటానికి కారణం ఇది. నేల అక్కడిదే, నేర్పు డెల్టాది.

నిజామాబాదు జిల్లాలో నిజాంసాగర్ నీటికి తోడు 1937లో బోధన్‌లో నెలకొల్పిన చక్కెర కర్మాగారం చెరకును నిలబెట్టింది. కర్మాగారం ఉన్నంతకాలం చెరకు రైతుకు అమ్ముకునే చింత లేదు, కోత వంతు ఎప్పుడు వస్తుందా అన్న చింత మాత్రమే. 2015లో అది మూతపడింది. ఆ నేలా అక్కడే ఉంది, ఆ కాలువా అక్కడే ఉంది. చెరకు మాత్రం పోయింది. అదే జిల్లాలో ఆర్మూరు వైపు వెళితే మరో రకం కథ. అక్కడి రైతులు ఎర్రజొన్న, సజ్జ, మొక్కజొన్న విత్తనాలు పండించి అమ్మటంలో నేర్పరులు. ఆ ఎర్రజొన్న విత్తనం ఉత్తర భారతంలో పశుగ్రాసం కోసం వేస్తారు. పక్కనే పసుపు. అంకాపూర్ పేరు వినని వ్యవసాయ శాఖ వారు ఉండరు. ఒక పంటను నమ్ముకోకుండా, ఏడాదిలో రెండు మూడు పంటలను వంతులవారీగా తిప్పుకోవటం ఆ ఊరి రహస్యం. పసుపు రైతులు దశాబ్దాలుగా అడిగిన జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాదు కేంద్రంగా ఏర్పడింది. దాని వల్ల ధర ఎలా ఉంటుందో ఆ రైతులే చెప్పాలి.

అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించవలసినది పాత అనంతపురం జిల్లా కథ. ఏడాదికి ఐదు వందల యాభై మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఎర్ర నేల. వేరుశనగ ఇక్కడి దేశవాళీ పంట కాదు, దక్షిణ అమెరికా నుంచి ఓడల మీద మన దేశానికి వచ్చింది. పంతొమ్మిదో శతాబ్ది రెండో సగంలో దక్షిణ ఆర్కాటు జిల్లాలో విస్తారంగా పండించి పుదుచ్చేరి రేవు నుంచి ఫ్రాన్సులోని మార్సెయ్ నూనె మిల్లులకు పంపేవారు. 1871 నాటికి మద్రాసు-బొంబాయి రైలు దారి కడప, గుత్తి, గుంతకల్లు మీదుగా పూర్తయింది. ఇరవయ్యో శతాబ్ది మొదటి దశాబ్దాల్లో ఆ పంట రైలు దారి పట్టుకుని రాయలసీమలోకి వచ్చింది. ఆదోని వంటి చోట్ల మిల్లులు లేచాయి. ఐనా 1960ల దాకా కొర్ర, జొన్న, సజ్జ, రాగి, ఉలవల మధ్య వేరుశనగ కూడా ఒక పంట మాత్రమే.

తరువాతి ముప్పై ఏళ్ళలో అది జిల్లాను ముంచెత్తింది. ఒక దశలో విస్తీర్ణం ఏడు లక్షల హెక్టార్లు దాటింది. దేశంలో ఇంత వేరుశనగ వేసే జిల్లాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కారణాలు ఒకటి కాదు. నూనె ధరలు బాగున్నాయి. 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టింది. బ్యాంకులు ఈ పంటకే అప్పు ఇచ్చాయి, తరువాత పంటల బీమా కూడా ఈ పంటకే. కట్టె గొడ్లకు మేతగా పనికివస్తుంది. వీటితో పాటు, పుస్తకాల్లో అంతగా కనబడని కారణం ఇంకొకటి ఉంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. డెల్టాలో పండిన వడ్లు బియ్యమై, గూడ్సు బండెక్కి, అనంతపురం రేషన్ దుకాణానికి చేరాయి. ఇంట్లోకి బియ్యం చౌకగా వస్తున్నప్పుడు, దంచి చెరిగి వండటానికి చాకిరీ చేయించే కొర్రలకు ఎకరం ఎందుకు వదలాలి? ఆ ఎకరంలోనూ శెనక్కాయే వేశారు. పేదవాడి ఇంట అన్నం ఉడికించిన ఆ పథకాన్ని తప్పుపట్టటం నా ఉద్దేశం కాదు. డెల్టా వరి ఒక్కటే పండించటం, అనంతపురం వేరుశనగ ఒక్కటే పండించటం వేర్వేరు కథలు కావని చెప్పటమే ఉద్దేశం. ఒక సీమ ప్రత్యేకతను ఇంకో సీమ ప్రత్యేకత మోస్తున్నది.

ఈ మార్పు ఖరీదు విత్తనం దగ్గరే తెలుస్తుంది. కొర్ర ఎకరాకు రెండు కిలోల గింజ చాలు. ఇంటి ఆడవాళ్ళు మంచి కంకులు ఏరి కట్టి పెట్టుకుంటే మరుసటి ఏటికి విత్తనం సిద్ధం. వేరుశనగ ఎకరాకు అరవై కిలోల గింజలు కావాలి. ఒక్క ఏడు పంట పోతే దాచుకున్న కాయలు తినటానికో అమ్మటానికో పోతాయి. మరుసటి ఏడు ఆరుద్ర కార్తెలో వాన పడేసరికి రైతు అప్పు కోసం, సబ్సిడీ విత్తనం కోసం క్యూలో నిలబడాలి. వాన రెండోసారి మొహం చాటేస్తే విత్తిన అరవై కిలోలూ మట్టిలో కలిసినట్టే. కొర్ర పోతే రైతుకు ఆ ఏటి తిండి పోయేది. వేరుశనగ పోతే తిండితో పాటు రాబోయే ఏటి విత్తనం, అప్పిచ్చినవాడి దగ్గర మాట కూడా పోతాయి.

1994లో పామోలిన్ దిగుమతికి గేట్లు తెరిచారు. సుంకం తగ్గుతూ వచ్చేసరికి వేరుశనగ నూనె వాడే ఇళ్ళు తగ్గాయి. మన వంటిళ్ళలోనూ ఆ మార్పు వచ్చింది, దాచుకోవటం ఎందుకు. 2000 సంవత్సరంలో ఒక వైరస్ తెగులు వచ్చి కాండం కుళ్ళిపోయి మొక్కలు చనిపోయాయి. సుమారు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయి, నష్టం మూడు వందల కోట్లు దాటిందని లెక్క వేశారు. దారుల వెంట పెరిగే వయ్యారిభామ కలుపు మొక్క మీద నుంచి ఆ వైరస్‌ను తామరపురుగులు మోసుకొచ్చాయని తేలింది. దానికి శాస్త్రజ్ఞులు చెప్పిన నివారణల్లో ఒకటి చేను చుట్టూ జొన్నో సజ్జో కొన్ని సాళ్ళు వేయమని. గాలికి వచ్చే పురుగును ఆ సాళ్ళు అడ్డుకుంటాయి. ముప్పై ఏళ్ళ క్రితం ఎవరూ చెప్పకుండానే ఆ సాళ్ళు అక్కడ ఉండేవి.

ఆ తరువాత వేరుశనగ విస్తీర్ణం సగానికి పైగా తగ్గింది. బోరు ఉన్నవారు చీనీ, అరటి, దానిమ్మ తోటలకు వెళ్ళారు. బోరు లేనివారు కందికి, ఆముదానికి, కొంతమంది బెంగుళూరు కూలికి వెళ్ళారు. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ వంటి సంస్థలు రైతులతో మళ్ళీ కొర్ర, సామ, ఆరిక వేయించాయి. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించాక, షుగరు వ్యాధి పుణ్యమా అని మనవంటి వారి ఇళ్ళకు కొర్రలు మళ్ళీ వచ్చాయి. ఒకప్పుడు పేదల కూడు అన్నదాన్ని ఇప్పుడు బియ్యం కంటే ఎక్కువ ధర పెట్టి కొంటున్నాం. ఆ ధరలో విత్తినవాడికి ఎంత ముడుతుందో సంచి మీద రాసి ఉండదు.

ఇప్పుడు సొంత విషయానికి వద్దాం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు, తెలంగాణలో ఒక హెక్టారు. అంటే రెండున్నర ఎకరాల లోపు. ఈ కాస్త భూమి కూడా చాలాచోట్ల దున్నేవాడిది కాదు. మన నాన్నగారి తరం పొగాకు మీద, వరి మీద, శెనక్కాయ మీద వచ్చిన డబ్బుతో మనల్ని చదివించింది. చదివి ఉద్యోగాలకు వచ్చాం, పొలం కౌలుకు ఇచ్చాం. మన సభ్యుల్లో ఊళ్ళో ఎకరమో రెండెకరాలో కౌలుకు ఇచ్చినవారు చాలామంది ఉన్నారు. ఇవాళ 'చిన్న కుటుంబ సేద్యం' అని లెక్కల్లో కనిపించేది చాలావరకు ఆ కౌలుదారు కుటుంబమే.

పంటను బట్టే కౌలు పద్ధతి కూడా ఏర్పడింది. డెల్టా వరిలో ఎకరాకు ఇన్ని బస్తాలని మాట్లాడుకుని పంట చేతికొచ్చాక కొలవటం పాత అలవాటు. తుపాను వచ్చి పంట పోతే ఊరి పెద్దల ముందు ఎంతో కొంత తగ్గింపు ఉండేది. మిరప, పత్తి వంటి వాటిలో కౌలు డబ్బు విత్తక ముందే చెల్లించటం పరిపాటి అయింది. పొలం యజమాని వాటా మొదటి రోజే ఇల్లు చేరుతుంది. తెగులూ, వానా, ధరా మూడూ కౌలుదారు నెత్తిన మిగులుతాయి. 2021 చివరలో మిరప మీద నల్ల తామరపురుగు పడి, పూత పూతగానే రాలిపోయి తోటలు పీకేసినప్పుడు గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల్లోనూ ఖమ్మం, వరంగల్లు వైపూ అందరికంటే ఎక్కువ మునిగింది ముందుగా కౌలు కట్టినవారే. 2025 మొదట్లో పంట బాగా వచ్చి ధర పడిపోయింది. కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలు 11,781 రూపాయలని లెక్క కట్టవలసి వచ్చింది. తెగులు వచ్చిన ఏడూ నష్టమే, పండిన ఏడూ నష్టమే.

ఈ కౌలుదారుకు బ్యాంకు అప్పు, పంటల బీమా, నష్టపరిహారం అందాలంటే చేతిలో కాగితం ఉండాలి. 2011లో తెచ్చిన చట్టం రుణ అర్హత కార్డులు ఇచ్చింది. 2019లో దాని స్థానంలో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల గడువుతో సాగు పత్రం ఇచ్చే పద్ధతి పెట్టి, దానికి భూమి యజమాని సంతకం కావాలన్నది. పత్రంతో వచ్చేది ఆ ఏటి పంట మీద హక్కు మాత్రమే, భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలో స్పష్టంగా ఉంది. రెవిన్యూ శాఖలో పనిచేసిన మన మిత్రులకు ఇది నేను చెప్పనక్కరలేదు. ఐనా సంతకానికి జంకే యజమానులే ఎక్కువ. అందుకే తుపాను తరువాత పంట నష్టం రాయటానికి వచ్చేవారి జాబితాలో పట్నంలో ఉన్న యజమాని పేరు ఉంటుంది, నీళ్ళలో పనలు ఏరుకునే మనిషి పేరు ఉండదు. ఆ పరిహారం సొమ్ము యజమాని ఖాతాలో పడ్డాక, దాన్ని కౌలుదారుకు పంపినవారు మన సంఘంలోనే కొందరు ఉన్నారు. వారిలో ఒకరు మరుసటి జూన్‌లో ఊరికి వెళ్ళి సంతకం కూడా పెట్టి వచ్చారు.